నాలుగో నంబరు, ఏడో నంబరు

యిత్కా బెనిష్కోవా తొమ్మిదేళ్ళ వయసులో పదహారు మంది వేటగాళ్ళను, వాళ్ళతో పాటు జిల్లా పార్టీ కార్యదర్శిని కూడా, పొద్దున్న పదిన్నరకే అడవిలోంచి వెనక్కి రప్పించింది.

ఆమె తండ్రి బొహుమిల్ బెస్కిదీ కొండల్లో అడవి కాపలాదారు. శరత్కాలంలో వేట జరిగే రోజున ఎవరు ఎటు నడవాలో, తుపాకులు ఎప్పుడు దించాలో, పడింది లేడో అడవిపందో, అంతా ఇత్తడి కొమ్ము ఊది చెప్పడం ఆయన పని. ఆ రోజు ఆయన కొమ్మును ఒక మొద్దు మీద పెట్టి, బురదలో దిగబడిన బండిని లాగడానికి వెళ్ళాడు. యిత్కా దాన్ని అందుకుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న పిలుపుల్లో తనకు బాగా నచ్చినదాన్ని ఊదింది. అది వేట ముగిసిందని చెప్పే పిలుపు. ఆ వాలులో నిలబడ్డ వాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తుపాకులు భుజాన వేసుకుని దిగివచ్చారు. వచ్చి చూస్తే సూపు కుండ కింద ఇంకా మంట కూడా సరిగా అంటుకోలేదు.

బొహుమిల్ చెవి మెలిపెట్టాలనే వచ్చాడు. అయితే దగ్గరికొచ్చేసరికి ఆయనకు ఇంకో సంగతి తట్టింది. పదహారు మందీ నమ్మారంటే పిలుపు ఎక్కడా తప్పు పోలేదన్న మాట.

“నీకెవరు నేర్పారే?” అన్నాడు.

“ఎవరూ నేర్పలా. నువ్వు రోజూ ఊదుతుంటే నేను వినట్లేదా?”

కార్యదర్శి గారు మాత్రం కోపంగా కడుపు తడుముకుంటూ, ఇంకోసారి ఊదమనండి చూద్దాం అన్నాడు. యిత్కా ఊదింది. ఈసారి లేడి పడిన పిలుపు, పంది పడిన పిలుపు, నక్క పిలుపు కూడా వరసగా ఊదేసింది. వేటలో ఆ రోజు ఏమీ పడలేదు గానీ, పిలుపుల ప్రకారం లెక్క వేస్తే అడవి ఖాళీ అయిపోయి ఉండాలి.

మా దేశంలో ఆర్కెస్ట్రాలో ఊదే పెద్ద కొమ్మును ఇప్పటికీ అడవికొమ్ము అనే పిలుస్తారు. వేటగాళ్ళ చేతిలోంచి వచ్చిన వాద్యం అది. చుట్టలు విప్పి సాగదీస్తే గది దాటి వీధిలోకి వచ్చేంత పొడుగు గొట్టం. మీటలు ఉంటాయి గానీ స్వరాన్ని నిలబెట్టేది పెదవులే. పైస్థాయిలో స్వరాలు ఒకదాని పక్కన ఒకటి ఎంత ఒత్తుగా కూర్చుంటాయంటే, పెదవి వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే పక్క స్వరం తగులుతుంది, మధ్యలో పడితే పగులుతుంది. ఆ పగలడాన్ని వాయించేవాళ్ళు కిక్స్ అంటారు. అడవికొమ్ము వాళ్ళకు దెయ్యం, పాము, ఇన్‌స్పెక్టరు అన్నీ ఆ ఒక్క మాటే.

యిత్కా పదిహేనేళ్ళప్పుడు నగరంలోని సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకు వెళ్ళింది. అంతకు ముందు పక్క ఊరి బ్యాండు వాళ్ళను తననూ చేర్చుకోమని అడిగితే, ఆడపిల్ల బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటే పెళ్ళిలో జనం పెళ్ళికూతుర్ని వదిలేసి నిన్నే చూస్తారని నవ్వి పంపేశారు. కళాశాలలో అడవికొమ్ము ఆచార్యుడు కుబీన్ పొట్టివాడు, జీలకర్ర గింజలు నములుతూ మాట్లాడేవాడు. ఆయన ఆ పిల్లను కొమ్ము ముట్టుకోనివ్వలేదు. ఒక కాగితం గోడకు ఆనించి, చెయ్యి తీసేసి, ఊదుతూ దాన్ని పడకుండా ఆపమన్నాడు. అంతకు ముందు వచ్చిన కుర్రాళ్ళ కాగితాలు పది, పదిహేను క్షణాలకే జారిపోయాయి. కుబీన్ గడియారం చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై ఎనిమిది క్షణాలు దాటాక యిత్కాకు కళ్ళు బైర్లు కమ్మి, కాగితంతో పాటు తనూ కింద కూలబడింది.

కుబీన్ ఆమెను లేపలేదు. వంగి కాగితం తీసి దాని మీద ఆమె పేరు రాసుకున్నాడు.

ఆరేళ్ళు ఆయన దగ్గర నేర్చుకుంది. ఆయన చెప్పిందల్లా ఒకటే అనవచ్చు. ఊదే ముందే స్వరం తలలో వినపడాలి, వినపడకుండా ఊదితే గాలి దారి తప్పుతుంది. ఆ మాటను వంద రకాలుగా చెప్పేవాడు. ఒక రోజు బతిమాలుతూ, ఒక రోజు వెక్కిరిస్తూ, ఒక రోజు తలుపు విసిరికొట్టి.

పందొమ్మిది వందల డెబ్భైలో స్త్రాన్కొవ్ నగర ఆర్కెస్ట్రాలో నాలుగో కొమ్ము కుర్చీ దొరికింది. అంటే అన్నిటికన్నా కింది స్వరాలు. మొదటి కుర్చీలో అలోయిస్ వర్బా ఉండేవాడు, పెద్ద భుజాలూ తెల్ల మీసాలూ ఉన్న మనిషి. మొదటి రిహార్సల్ రోజే ఆయన వెనక్కి తిరిగి, ఇన్నాళ్ళూ ఈ వరసలో గొంతు విప్పి బూతులు మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పుడు నీ మూలాన వాతావరణం గురించి మాట్లాడుకోవాలా అన్నాడు. వాతావరణం గురించి కూడా బూతులు మాట్లాడొచ్చు అంది యిత్కా. అప్పటి వరకూ బిగుసుకుని కూర్చున్న రెండో కొమ్మాయన నోట్లోని నీళ్ళు చిమ్మేదాకా నవ్వాడు.

ఆ వరసకు ఒక కట్టుబాటు ఉంది. కచేరీలో ఎవరి స్వరం పగిలితే వాళ్ళు మర్నాడు రిహార్సల్‌కు ప్లమ్ పళ్ళ గుజ్జు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, కొలాచులు, తేవాలి, అందరికీ సరిపడా, ఇంట్లో చేసినవి. మొదటి మూడు నెలలూ అందరూ యిత్కా ఎప్పుడు పగలగొడుతుందా అని ఆకలిగా కాచుకున్నారు. ఆమె పగలగొట్టలేదు. పగలగొట్టింది వర్బా. మర్నాడు పళ్ళెం తెచ్చి, ముఖం గంటు పెట్టుకుని, మొదటి కొలాచు తీసి ఆమె చేతికే ఇచ్చాడు.

“తిను,” అన్నాడు. “మా ఆవిడ చేసింది. ఆడవాళ్ళు కూడా ఊదుతున్నారా అని అడిగింది. ఊదుతున్నారు, అదే నా ఏడుపు అని చెప్పాను.”

ఆరేళ్ళకు ఆయన పళ్ళు కదలడం మొదలుపెట్టాయి. తన కుర్చీ ఎవరికివ్వాలని సంచాలకుడు అడిగితే, ఇంకెవరికి అన్నట్టు ఆయన బొటనవేలు వెనక్కి చూపించాడట. అలా యిత్కా ఇరవై ఏడో ఏట మొదటి కొమ్మయింది. ఆ వసంతంలోనే రేడియో వాళ్ళు ఒక పెద్ద సింఫనీని నేరుగా ప్రసారం చేశారు. దాని రెండో భాగంలో తీగ వాద్యాలన్నీ చీకటిలాగా మెల్లగా పరుచుకుంటాయి, వాటి మీద అడవికొమ్ము ఒంటరిగా లేచి పాడాలి. దానికి ముందు చాలా సేపు ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చోవడమే కష్టం. గొట్టం చల్లబడుతుంది, పెదవి ఎండుతుంది. యిత్కా కాళ్ళు నేలకు ఆనించి, తలలో ఆ మొదటి స్వరాన్ని వింటూ కూర్చుంది. దాన్ని ఎంత స్పష్టంగా వింటున్నదంటే, సంచాలకుడి ఎడమచెయ్యి తన వైపు తెరుచుకున్నప్పుడు తను మొదలుపెడుతున్నట్టు లేదు, ఎప్పటి నుంచో ఊదుతున్నదాన్ని ఇప్పుడు అందరికీ వినపడనిస్తున్నట్టుంది. స్వరం లేచింది. ఆ నాలుగు నిమిషాల్లో తను ఊపిరి ఎక్కడ పీల్చిందో ఆమెకు గుర్తు లేదు. కొండ మీద ఇంట్లో బొహుమిల్ రేడియో ముందు లేచి నిలబడి టోపీ తీశాడని తల్లి తర్వాత చెప్పింది.

ఆరేళ్ళు ఆమెకు నేల మీద కాలు నిలవలేదు. ఆర్కెస్ట్రా ఎక్కడికి వెళ్ళినా ఆ అడవి కాపలాదారు కూతురు వచ్చిందా అని అడిగేవాళ్ళు.

ఎనభై రెండు ఫిబ్రవరిలో, తండ్రిని చూడడానికి కొండ మీదికెళ్ళి స్కీల మీద దిగుతూ, మంచు కింద దాక్కున్న మొద్దుకు కొట్టుకుంది. స్కీ మొన ఎగిరి ముఖానికి తగిలింది. పై పళ్ళు రెండు విరిగాయి, పై పెదవి కుడి పక్కన చీలింది. ఏడు కుట్లు పడ్డాయి. తినగలవు, మాట్లాడగలవు, నవ్వగలవు, ఊదడం సంగతి నన్నడక్కు అన్నాడు డాక్టరు.

కుట్లు మాని, విరిగిన పళ్ళు కట్టించుకున్నాక కొమ్ము ఎత్తింది. కుడి పక్క పెదవి తనది కాదన్నట్టుంది. పెదవులకు ఆనించి ఊదితే గాలి బుస్సుమని పక్కకు పోయింది. ఐదు నెలలు రోజూ ప్రయత్నించింది, రోజూ అదే బుస్సు. ఆర్కెస్ట్రా వాళ్ళు మంచివాళ్ళే, సంగీత ప్రతులు సర్దే గదిలో పని ఇస్తామన్నారు. వారం రోజులు ఆ గదిలో కూర్చుంది. గోడ అవతల రిహార్సల్ వినపడేది. తన కుర్చీలో కొత్తాయన పైస్వరానికి అర అంగుళం కిందుగా వెళ్తుంటే ఆమె ప్రతుల కట్టలు పట్టుకుని పళ్ళు కొరుక్కునేది. ఎనిమిదో రోజు తాళంచెవులు అప్పగించేసి, ఊరి సంగీత పాఠశాలలో ఊదుడు వాద్యాల టీచరుగా చేరింది.

ఆ సెప్టెంబరులో దాగ్మార్ పెష్కోవా వచ్చింది. బస్సు డ్రైవరు కూతురు, పన్నెండేళ్ళది, రెండు జడలూ పొగరూ. ట్రంపెట్ల వరసలో చోటు లేక ఇటు పంపారట. యిత్కా మూడు వారాలు ఆమెకు ఎలా నిలబడాలో, గాలి పొట్టలోంచి ఎలా రావాలో చెప్పింది. స్వరాలు పాడి వినిపించింది. నాలుగో వారం దాగ్మార్ కొమ్ము ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“టీచరు గారూ, మీరు చెప్పేదంతా బానే ఉంది. ఒక్కసారి ఊది చూపించండి, నేను వింటా.”

యిత్కా ఊదలేనంది. ఎందుకని అడిగితే పెదవి చూపించింది. దాగ్మార్ దగ్గరికొచ్చి, బజారులో యాపిల్ పండు చూసినట్టు ఆ మచ్చను తేరిపార చూసింది.

“అంటే మీకూ రాదు, నాకూ రాదు,” అంది. “మరైతే మీరొక్కరే ఎందుకు నుంచోవడం? ఇంకో కొమ్ము తెచ్చుకోండి. మొదటి పేజీ నుంచి ఇద్దరం మొదలెడదాం.”

యిత్కాకు చెంప మీద కొట్టినట్టయింది. తను రేడియోలో దేశమంతా విన్న మనిషి. నోరు తెరిచి ఏదో అనబోయింది. అనబోయి, ఆ పిల్ల మాటలో తప్పేముందా అని వెతికి, దొరకక, ప్రమాదం జరిగాక మొట్టమొదటిసారి పగలబడి నవ్వింది. మర్నాడు తన కొమ్ము తెచ్చింది.

మొదటి పేజీలో ఒకే స్వరం ఉంటుంది. పొడుగ్గా ఊదాలి, అంతే. ఇద్దరూ ఊదారు. తప్పిపోయిన రెండు దూడలు కలిసి అరిచినట్టు వచ్చింది. పాఠశాల ఆయమ్మ తలుపు తోసి, గొట్టాలు బాగుచేసేవాళ్ళు వచ్చారేమో, నీళ్ళు ఎప్పుడొస్తాయో అడుగుదామని వచ్చానంది.

అప్పుడు యిత్కా కనిపెట్టింది. కొమ్ము మూతిని పెదవి మీద ఎప్పటి చోట పెట్టడం మానేసి, ప్రాణం ఉన్న ఎడమ పక్కకు జరిపితే గాలి నిలుస్తోంది. అది వెంట్రుకవాసి మార్పే, కానీ దానితో పాటు పద్దెనిమిదేళ్ళ విద్య అంతా మూలన పడింది. ఏ స్వరం ఎక్కడుందో పెదవికి తెలియదు. అన్నిటినీ మళ్ళీ వెతుక్కోవాలి. కుడి మూల బిగుసుకుని ఉండడం వల్ల ఊపిరి ఎడమ మూల నుంచి చిన్నగా జుర్రుకోవాలి, ‘త్సు’ అని. పేజీ వెంట పేజీ ఇద్దరూ కలిసే తిప్పారు. వారానికి ఒక పాఠం కాస్తా మూడయ్యాయి. ఎవరు ముందు శుభ్రంగా ఊదితే వాళ్ళు పేజీ తిప్పాలని పందెం. మొదటి ఏడాదంతా పేజీ తిప్పింది దాగ్మారే. తిప్పినప్పుడల్లా పాపం మీకు అలవాటవుతుందిలెండి అనేది. టీచరు నవ్వుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ ఇంటికెళ్ళి ఇంకో గంట ఊదేది.

మూడో శీతాకాలంలో ఒక మంగళవారం, ఎప్పుడూ అందని పైస్వరం ఒకటి, అడగకుండానే వచ్చి గదిలో నిలబడింది. గుండ్రంగా, వెచ్చగా, అంచుల్లేకుండా. యిత్కా దాన్ని ఆపడానికి భయపడి ఊపిరి ఉన్నంత వరకూ పట్టుకుంది. దాగ్మార్ కొమ్ము దించేసింది.

“ఇదా?” అంది. “మీరు ఇన్నాళ్ళూ పాడి చూపించింది ఇదా?”

“ఇదే.”

“నాకెప్పుడొస్తుంది?”

“ముందు పేజీ తిప్పనీ. ఈసారి వంతు నాది.”

దాగ్మార్ తర్వాత కళాశాలకు వెళ్ళింది. అయినా శనివారాలు బస్సెక్కి వచ్చేది. యిత్కా పెళ్ళిళ్ళలో ఊదింది, అంత్యక్రియల్లో ఊదింది. వెనక ఒకప్పుడు నవ్వి పంపిన బ్యాండు వాళ్ళే వచ్చి బతిమాలితే మూడు వేసవులు వాళ్ళతో తిరిగింది. పెదవికి మళ్ళీ తెలివి వచ్చింది. కానీ ఆర్కెస్ట్రా తలుపు తట్టే ధైర్యం రాలేదు.

తొంభైలో సరిహద్దులు తెరుచుకున్నాయి. స్త్రాన్కొవ్ మొదటి కొమ్మాయన సూట్‌కేసు సర్దుకుని జర్మనీ వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చిన సంచాలకుడు జెలింకా ముప్ఫై నాలుగేళ్ళవాడు. ఆ కుర్చీకి పోటీ ప్రకటిస్తూ వింత షరతులు పెట్టాడు. అభ్యర్థులు తెర వెనక నిలబడి ఊదాలి, పేర్లుండవు, నంబర్లే. నడిచేటప్పుడు చెప్పుల చప్పుడుకు ఆడో మగో తెలియకుండా తివాచీ పరిచారు. మాట్లాడితే పోటీ నుంచి తీసేస్తారు. యిత్కా ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పంపింది. ఆమెకు నలభై ఒకటి.

పోటీ రోజు పొద్దున్నే వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుని, కొమ్ము మూతిని అరచేతుల్లో వెచ్చబెట్టుకుంటోంది. మెట్ల మీద ధడధడ అడుగులు. పైకొచ్చింది దాగ్మార్, వీపున కొమ్ము పెట్టె.

ఇద్దరూ ఒకరి కొమ్ము ఒకరు చూసుకున్నారు. శనివారమే కలిశారు. అప్పుడు ఇద్దరిలో ఎవరూ పోటీ మాట ఎత్తలేదు.

“మీరు నాకు చెప్పలేదు,” అంది దాగ్మార్.

“నువ్వూ చెప్పలేదు.”

“మీరు ఊదుతున్నారని తెలిస్తే నేను వచ్చేదాన్ని కాదు.”

“అందుకే చెప్పలేదు. నీ నంబరెంత?”

“ఏడు. మీది?”

“నాలుగు. పద, కొమ్ము వేడెక్కించుకో. ఇక్కడ నిలబడితే పెదవి చల్లబడుతుంది.”

తొమ్మిది మంది వచ్చారు. నాలుగో నంబరు పిలిచినప్పుడు యిత్కా తివాచీ మీద పిల్లిలా నడిచి తెర వెనక నిలబడింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ హాలు వాసన, పాలిష్ వేసిన చెక్క వాసన, ముక్కుకు తగిలింది. ‘త్సు’ అని గాలి పీల్చి ఊదింది. అడిగినవన్నీ ఊదింది. బయటికొచ్చి తలుపు పక్కనే గోడకు చేరగిలబడింది. ఐదో నంబరు, ఆరో నంబరు అయ్యాయి. ఏడో నంబరు లోపలికెళ్ళింది. దాగ్మార్ ఊది ముగించగానే లోపలి నుంచి ఒక గొంతు లేచింది. న్యాయనిర్ణేతల్లో ఒకరిగా వచ్చిన వర్బా గొంతు అది. వయసు మీద పడ్డా అది తలుపులు దాటే గొంతే.

“ఇది మోసం,” అంటున్నాడు. “ఈ ఏడో నంబరు నాలుగో నంబరే. ఎవడో రెండుసార్లు వచ్చాడు. ఆ ఊపిరి చూడండి, ప్రతి వాక్యానికి ముందూ త్సు, త్సు అని ముసలాయన టీ తాగినట్టు. లోకంలో ఇద్దరు అలా పీల్చరు. నన్ను చెవిటివాణ్ణనుకున్నారా?”

ఆర్కెస్ట్రా కార్యదర్శి తోమ్షోవా గారు ఇద్దరినీ తన కళ్ళతో చూశానని, వేరువేరు మనుషులని, కావాలంటే ఒట్టేస్తానని చెప్పింది. వర్బా ఒప్పుకోలేదు. మిగతా ఇద్దరు నిర్ణేతలు కూడా తమకూ అనుమానంగానే ఉందన్నారు. యిత్కా గోడకు అతుక్కుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట్లాడితే పోటీ పోతుంది. నవ్వినా పోతుందేమో.

జెలింకా తేల్చేశాడు. తెర తియ్యడానికి వీల్లేదు. ఇద్దరైతే ఇద్దరినీ తెర వెనక పక్కపక్కన నిలబెట్టి ఒకేసారి ఊదించండి, ఏది ఊదాలో వాళ్ళ ఇష్టం అన్నాడు.

తెర వెనక ఇద్దరూ నిలబడ్డారు. ముందు సంగీత ప్రతి లేదు, మాట్లాడే వీలు లేదు. దాగ్మార్ కళ్ళెగరేసింది. యిత్కా వేలెత్తి చూపించింది, ఒకటి. మొదటి పేజీ. ఒకేసారి గాలి పీల్చారు, ఒకే ‘త్సు’. ఆ ఒక్క స్వరం రెండు కొమ్ముల్లోంచి లేచి మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా హాలు నిండా నిలబడింది. తర్వాత రెండో పేజీ, ఐదో పేజీ, పన్నెండో పేజీ. ఒకరు పైకెక్కితే ఒకరు కిందికి, మళ్ళీ మార్చుకుని, ఇంకా వేగంగా. ఎనిమిదేళ్ళ పందేలన్నీ ఆ మూడు నిమిషాల్లో పరుగెత్తాయి. యిత్కాకు తాను పోటీలో ఉన్న సంగతే మరుపొచ్చింది. ఒంట్లో వెయ్యి దీపాలు వెలిగినట్టుంది. ఆపాక తెర అవతల వర్బా ఎవరితోనో మెల్లగా, సరే, ఇద్దరు అన్నాడు.

ఆఖరి మెట్టుకు ఆ ఇద్దరే మిగిలారు. ఒకరి తర్వాత ఒకరు ఆ సింఫనీ రెండో భాగంలోని ఒంటరి పాట ఊదాలి. యిత్కా ఒకప్పుడు రేడియోలో ఊదిందే. ముందు దాగ్మార్ ఊదింది. ఒక్క స్వరం చెదరలేదు. అద్దం తుడిచినట్టుంది. తర్వాత యిత్కా. మొదటి వాక్యం, రెండో వాక్యం, మూడో వాక్యంలో పై అంచుకు ఎక్కుతున్నప్పుడు కుడి మూల ఒక్క క్షణం మొద్దుబారింది. స్వరం పగిలింది. గోడ మీంచి గిన్నె జారిపడినట్టు హాలంతా వినపడింది.

అయిపోయిందనుకుంది. అనుకున్న మరుక్షణం ఇంకేమీ మిగలలేదని కూడా అనిపించింది, భయపడడానికి సైతం. పగిలిన చోటి నుంచే మళ్ళీ గాలి పెట్టి పైకెక్కింది. ఆ తర్వాత ఊదిందంతా ఎవరి కోసమూ కాదు. ఇరవై ఏడో ఏట ఊదిన దానికన్నా నెమ్మదిగా, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుతూ, చివరి స్వరాన్ని పలచబరిచి పలచబరిచి ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆపింది.

పావుగంట తర్వాత తోమ్షోవా గారు వరండాలోకొచ్చి, నాలుగో నంబరు అంది.

వర్బా కర్ర ఊపుకుంటూ వచ్చి, ఎవరా నాలుగో నంబరని చూసి, అక్కడే కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. మీసాలు వణికాయి. అప్పటికే దాగ్మార్ పెట్టె బిగించుకుంటోంది. యిత్కా దగ్గరికి వెళ్ళింది.

“నేను ఒక్క స్వరం పగలగొట్టలేదు,” అంది దాగ్మార్ తల ఎత్తకుండా. “మీరు పగలగొట్టారు. ఊరంతా వినపడేలా పగలగొట్టారు. అయినా మీకిచ్చారు.”

యిత్కాకు ఓదార్చాలని ఉంది. కానీ ఆ పిల్ల ఎనిమిదేళ్ళ కిందట తనకు నిజమే చెప్పింది.

“నువ్వు పగలకూడదని ఊదావు దాగ్మార్. మొదటి నుంచీ చివరి దాకా అదొక్కటే వినపడింది. పగిలేదాకా నేనూ అంతే. పగిలాక పాట ఊదాను.”

దాగ్మార్ ధడధడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ శనివారం రాలేదు, తర్వాతి శనివారమూ రాలేదు. రెండు నెలలు యిత్కా ప్రతి శనివారం పదింటికి కిటికీ దగ్గర నిలబడేది. మొదటి కుర్చీలో మళ్ళీ కూర్చున్న సంతోషం ఒక పక్క, ఆ ఖాళీ శనివారం ఒక పక్క. జూన్‌లో ఒక రోజు తలుపు తట్టకుండానే దాగ్మార్ లోపలికొచ్చి కొమ్ము తీసింది.

“పగలగొట్టడం నేర్పండి,” అంది.

నేర్పింది. రోజుకు పది స్వరాలు కావాలని పగలగొట్టించింది. పగిలిన చోట ఆగకుండా పాట పూర్తి చేయించింది. కొండ మీదికి తీసుకెళ్ళి, ఎదురుగాలిలో, గొర్రెలు కాసేవాళ్ళు నవ్వుతుంటే ఊదించింది. మొదట్లో దాగ్మార్ ఏడ్చింది, కొమ్ము గడ్డిలో విసిరేసింది, మళ్ళీ తీసుకుంది. ఆగస్టు చివరికి ఇద్దరూ కలిసి నవ్వడం మొదలుపెట్టారు. నవంబరులో రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఇంకో ఆర్కెస్ట్రా పోటీ పెడితే ముప్ఫై ఒక్క మందిలో దాగ్మార్‌కు మొదటి కుర్చీ దొరికింది. తపాలాఫీసు నుంచి ఫోను చేసి, మూడు పగలగొట్టానని అరిచి చెప్పింది.

యిత్కా ఆ తర్వాత పదహారు సంవత్సరాలు స్త్రాన్కొవ్‌లో మొదటి కొమ్ము ఊదింది. సోమ, బుధవారాలు పాఠశాలలో పాఠాలు మానలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఐదు దేశాల్లో ఊదుతున్నారు. వాళ్ళను ఎక్కడ విన్నా మా వాళ్ళు గుర్తుపడతారు, ఆ జుర్రుకునే ఊపిరిని బట్టి. అది అవసరం కొద్దీ వచ్చిన అలవాటు, మీకు అక్కర్లేదని ఆమె ఎంత చెప్పినా ఒక్కరూ మానలేదు. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి రోజు పాఠం చెప్పదు. తను కూడా కూర్చుని, వాళ్ళతో పాటు మొదటి పేజీ ఊదుతుంది. బాగా ఊదినవాళ్ళు పేజీ తిప్పాలి.

యాభై ఏడో ఏట కుర్చీ దిగింది. వీడ్కోలు సభలో పూలగుత్తులు, ఉపన్యాసాలు అయ్యాయి. రెండు వారాలు ఇంట్లో తోటపని చేసింది. మూడో వారం గురువారం పొద్దున్న దాగ్మార్ ఫోను చేసింది. ఎనిమిది కొమ్ములు కావలసిన పెద్ద సింఫనీ ఒకటి రేపే కచేరీ, ఎనిమిదో కొమ్ము ఊదే కుర్రాడికి గవదబిళ్ళలు వచ్చాయట.

“చిట్టచివరి కుర్చీ టీచరు గారూ,” అంది. “అన్నీ కింది స్వరాలే. మీ స్థాయికి తగ్గది కాదు. అడగడానికే సిగ్గుగా ఉంది.”

యిత్కా చేతికున్న మట్టి కడుక్కోకుండానే, మధ్యాహ్నం రైలు ఎన్నింటికని అడిగింది.

సాయంత్రం రిహార్సల్‌లో ఆ చివర కూర్చుంది. ఆరుగురి అవతల మొదటి కుర్చీలో దాగ్మార్, జడలు పోయి పొట్టి జుట్టు, ముప్ఫై ఆరేళ్ళ మనిషి. రెండు, ఐదు కుర్చీల్లో ఉన్నది కూడా యిత్కా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. చివరి భాగంలో ఒక చోట కొమ్ములన్నీ నోళ్ళు పైకెత్తి ఊదాలని ప్రతిలో రాసి ఉంటుంది. సంచాలకుడు రెండు చేతులూ ఎత్తాడు. ఎనిమిది ఇత్తడి నోళ్ళు ఒక్కసారిగా దీపాల వైపు లేచాయి. ఊపిరి పీల్చిన చప్పుడు నాలుగు చోట్ల ఒకేలా వినపడింది. తర్వాత వచ్చిన శబ్దానికి కాళ్ళ కింద చెక్క అదిరింది, ముందు వరసలోని వయొలిన్ ఆవిడ భుజాలు ఎగిరిపడ్డాయి. అందరికన్నా కింది స్వరం యిత్కాది. దాని మీద మిగతా ఏడూ నిలబడి ఉన్నాయి. తన స్వరం విడిగా తనకే వినపడటం లేదు, కానీ పక్కటెముకల్లో తెలుస్తోంది. గాలి మొత్తం పెట్టి ఊదింది, ఇంకా ఉంటే అదీ పెట్టేది.

విరామంలో అక్కడి మేనేజరు వచ్చి, రేపటితో పాటు వచ్చేవారం మూడు ఊళ్ళలో కూడా ఇదే కచేరీ ఉంది, ఉండగలరా అని మొహమాటంగా అడిగాడు. ఆమె ఒక్క నల్ల గౌనే తెచ్చుకుంది. ఉతికి ఆరేసుకుంటానులే అంది. దాగ్మార్ తన నల్ల లంగా ఒకటి ఇస్తానని, నడుము దగ్గర కొంచెం వదులు చేయించాల్సి వస్తుందేమోనని అంది. యిత్కా ఆమె భుజం మీద ఒకటి వేసి, కొమ్ములో నీళ్ళు వంచేసి, మళ్ళీ తన కుర్చీ వైపు నడిచింది.